తీపి దోసకాయ పచ్చడిలో ఇనుప మేకు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఒకే ప్రశ్న అడుగుతారు. ముందుగా ఏం నేర్చుకోవాలి మేడం, అని. భయపడటం నేర్చుకోండి, అంటాను. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వను.

ఖమ్మం జిల్లాలో ఊరూరా తిరిగి, ఆహార పదార్థాలను చెడకుండా నిలవ చేయడం ఆడవాళ్లకు నేర్పే ఉద్యోగం నాది. బోనకల్ మిరప పొలాల నుంచి భద్రాచలం అడవి అంచు దాకా నేను ఎక్కని బస్సు లేదు. ఆఫీసులో మమ్మల్ని పచ్చళ్ల మేడమ్‌లు అనేవారు. ఆ మాటలో ఉన్న చులకన నాకు తెలుసు. కానీ మిగతా శాఖల వాళ్లు తప్పు చేస్తే రోడ్డు కుంగుతుంది, గోడ బీటలు వారుతుంది. మనం తప్పు చేస్తే అది మనిషి కడుపులోకి పోతుంది.

మా నాన్న బడిపంతులు. చర్చిలో పెరిగిన కుటుంబమే అయినా, ఎక్కడ హేతువాదుల సభ జరిగినా నన్ను వెంట తీసుకెళ్లేవారు. రుజువు ఏదని అడగడం అక్కడే నేర్చుకున్నాను. జనాన్ని భయాల నుంచి బయటికి లాగడమే నా పని అని చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. జనానికి భయం తక్కువేం కాదు. కాకపోతే అది ఉండకూడని చోట ఉంటుంది. దిష్టికి భయపడతారు, ముట్టుకు భయపడతారు, ఎదురొచ్చిన మనిషికి భయపడతారు. చేతిలో ఉన్న గిన్నెకు భయపడరు.

ఆ గిన్నె కథే ఇది.

సీలు వేయని పచ్చడి

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. బొగ్గు గనుల కాలనీల్లో ఇంటింటికీ ఫ్రిజ్‌లు వస్తున్నాయి. ఫ్రిజ్ వచ్చింది కాబట్టి కొత్త వంటలు కావాలన్నారు. తీపి దోసకాయ పచ్చడి అప్పుడే మొదలుపెట్టాను. క్రైస్తవ కుటుంబాల్లోని ముసలివాళ్లకు ఇది కొత్తది కాదు. మిషన్ బంగళాలో దొరసాని చేస్తే తిన్నామని చెప్పుకునేవారు.

చేయడం తేలిక. లేత కీర దోసకాయల కొనలు కోసి, రుచి చూసి, చేదువి పారేయాలి. మంచివాటిని పలచని బిళ్లలుగా తరిగి, ఉల్లిగడ్డ చీలికలు కలిపి, ఉప్పు చల్లి, నీరు ఊరాక పిండేయాలి. వెనిగర్‌లో చక్కెర, ఆవాలు, మిరియాలు, కాస్త సోంపు వేసి మరిగించి, ఆ వేడి పాకాన్ని ముక్కల మీద పోయాలి. చల్లారాక గాజు సీసాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచాలి. డబ్బాలకు సీలు వేసి ఏడాది నిలవ చేసే పద్ధతి వేరు. దానికి సరైన యంత్రం, సరైన వేడి కావాలి. ఇంట్లో అరకొరగా ఆ పని చేస్తే, గాలి చొరని సీసాలోనే విషం పెరుగుతుంది. అందుకే నేను సీలు లేని పద్ధతి నేర్పేదాన్ని. చల్లగా ఉంచండి, కొన్ని వారాల్లో తినేయండి, కరెంటు పోయి సీసా వేడెక్కితే పారేయండి అని చెప్పేదాన్ని.

ఒక్క విషయంలోనే అందరూ నిరాశపడేవారు, అది రంగు. వేడి వెనిగర్ తగలగానే దోసకాయ పచ్చదనం పోయి, వాడిన ఆకులా అవుతుంది. అదే దాని అసలు రంగు. చూడటానికి బాగుండదు. నమ్మదగ్గ పచ్చడి చాలాసార్లు అలాగే ఉంటుంది.

మంచి చెయ్యి, చెడ్డ చెయ్యి

అలాంటి ఒక గని కాలనీలో మహిళా సంఘానికి పెద్ద సువార్తమ్మ. భర్త గనిలో చేసి రిటైరయ్యాడు. మనిషి పొడగరి, గొంతు పెద్దది. ఆమె చెయ్యి మంచిదని కాలనీ అంతా నమ్మేది. ఆమె కలిపిన ఆవకాయకు బూజు పట్టదట. అందుకని పెళ్లిళ్లకు, చర్చి విందులకు మొదటి గరిటె ఆమెతోనే తిప్పించేవారు.

క్లాసులో నేను ఊరుకోలేదు.

"నీ చేతికి వేరే తోలు ఉందా అక్కా?" అన్నాను.

"ఎందుకుండదు టీచరమ్మా? నీది పుస్తకం పట్టిన చెయ్యి. నాది గరిటె పట్టిన చెయ్యి. ఎవల తోలు గట్టిదో పట్టి చూడు," అంది చెయ్యి చాపి. అందరూ ఘొల్లున నవ్వారు.

"ఉప్పు, నూనె సరిపోతే ఎవరు కలిపినా బూజు పట్టదు."

"అట్లయితే నీ ఆవకాయకు ఎందుకు పట్టింది పోయిన యేడు? నువ్వే జెప్తివి గద!"

ఈసారి నేనూ నవ్వాను. ఆమెతో వాదన అంటే నాకు ఇష్టమే. నవ్వు రానిది మాత్రం రాహేలు సంగతి.

రాహేలు భర్త గనిలో పైకప్పు కూలి చనిపోయాడు. ఆ పిల్లకు ముప్పై ఏళ్లు కూడా లేవు. అప్పటి నుంచి ఆమె చెయ్యి మంచిది కాదన్నారు. సంఘంలో సీసాలు కడగనిచ్చేవారు, ముక్కలు ముట్టనిచ్చేవారు కాదు. ఇదేం న్యాయమని నేను గట్టిగా అడిగితే అందరూ తలలూపేవారు. నేను బస్సెక్కగానే మళ్లీ ఆమెను కుళాయి దగ్గరకే పంపేవారు. ఎన్నో ఇళ్లు తిరిగి చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. దేవుణ్ని మార్చుకున్నంత తేలిగ్గా జనం భయాలను మార్చుకోరు.

ఆ రంగు

మే నెల. అడవిలో, గోదావరి వైపు ఒక కోయ ఊళ్లో సెలవుల బైబిల్ బడి నడుస్తోంది. ముగింపు రోజు మధ్యాహ్నం పిల్లలందరికీ భోజనం. దానికి తీపి దోసకాయ పచ్చడి చేసి పంపుతామని సంఘం ఒప్పుకుంది. ఈసారి తామే సొంతంగా చేసి చూపాలని, నన్ను పిలవలేదు.

ఆ రోజు ఉదయం నేను మా ఆఫీసు సార్‌తో జీపులో కాలనీకి వెళ్లాను. ప్రదర్శనలో పెట్టే స్టాల్ కోసం ఫొటోలు కావాలని సార్ పట్టుబట్టారు. సువార్తమ్మ ఎదురొచ్చి, నా కోసం దాచిన సీసా చేతిలో పెట్టింది.

"చూసినవా టీచరమ్మా! నీ క్లాసుల ముక్కలు వాడిపోయిన ఆకు లెక్క అయినయ్. నా చేతిల చూడు, చిలక రెక్కలే!"

నిజంగానే చిలక రెక్కలు. కోసిన దోసకాయకు కూడా ఉండని పచ్చదనం. 

"ఏ గిన్నెలో మరగబెట్టినవక్కా?"

"గుండిగల. అంత పాకం స్టీలు గిన్నెల పడతదా?"

"ఇత్తడి గుండిగా? లోపల కళాయి పూత ఉందా?"

"కళాయి యాడిది? కళాయి పోసేటోడు ఇటు రాక ఏండ్లాయె. అరిసెల పాకం, లడ్డు పాకం అన్నీ దాంట్లనే గద. రాత్రంతా దాంట్లనే ఊరబెట్టి తెల్లారి సీసాలకెత్తినం."

"అక్కా, ఆ గుండిగలో చింతపండు పులుసు కాస్తావా?"

"నాకేమన్న పిచ్చి లేసిందా? పులుపు ఇత్తట్ల పెడితే చిలుమెక్కదా? చిన్నపోరినడిగినా జెప్తది."

"మరి వెనిగర్ పులుపు కాదా?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "ఇది తీపి పచ్చడి గద టీచరమ్మా," అంది.

అదీ జరిగింది. ఇత్తడికీ పులుపుకీ పడదని ఈ నేల మీద తెలియని ఆడమనిషి లేదు. అలాగే పాకం ఇత్తడి గుండిగలోనే పట్టాలన్నదీ అందరికీ తెలుసు. చక్కెర వేసి మరిగిస్తున్నాం కాబట్టి వాళ్ల లెక్కలో ఇది పాకం. నీళ్లలా తెల్లగా ఉన్న వెనిగర్‌ను పులుపుగా ఎవరూ చూడలేదు. అది రాత్రంతా ఇత్తడిలోని రాగిని తిన్నది. ఆ రాగే ముక్కలను పచ్చగా పట్టి ఉంచింది. అంత రాగి కడుపులో పడితే విషం, కానీ దాని చేదును చక్కెర దాచేసింది. పిల్లలు మారు అడిగి మరీ తింటారు.

"మిగతా సీసాలేవి?" అన్నాను.

"పొద్దుగాల్నే పాస్టరుగారు బస్సుల తీసుకపోయిండు."

జీపు

మా సార్ సీసాను ఎండలోకి ఎత్తి తిప్పుతూ ఫొటో తీయించుకుంటున్నారు. "వాహ్! రంగంటే ఇదమ్మా. స్టాల్‌లో ముందు వరసలో ఇదే పెట్టాలె."

విషయం చెప్పాను. ఆయన సీసా దించలేదు.

"మీకు అన్నిట్లో విషమే కనపడ్తది. అంతమందికి తలా రెండు ముక్కలు. ఏమైతది? జీపు నాకు కావాలె, మీటింగుంది."

ఎస్టీడీ బూత్‌కు పరిగెత్తాను. బైబిల్ బడి నడిచే ఆ కోయ ఊళ్లో ఉన్నది ఒక్కటే ఫోను. మొన్నటి గాలివానకు స్తంభం పడి, అది మూగబోయింది. వెనక్కి వచ్చి సార్ ఎదురుగా నిలబడ్డాను.

"సార్, పిల్లలు వాంతులు చేసుకుంటే పేపరువాళ్లు వస్తారు. సీసా పట్టుకున్న మీ ఫొటో ఇప్పుడే తీశారు కదా. వాళ్లకు వెతుక్కునే పని ఉండదు."

ఆయన సీసా కింద పెట్టి, డ్రైవర్ మస్తాన్‌కు సైగ చేశారు. కొత్తవాళ్లు ఇది గుర్తుంచుకోండి. అధికారులకూ భయం ఉంటుంది, అది ఎక్కడుందో కనిపెట్టి అక్కడ వేలు పెట్టాలి. నాకు ఈ పద్ధతి ఇష్టం లేదు, కానీ చాలాసార్లు ఇదే పనిచేసింది.

సువార్తమ్మ ముందే జీపెక్కి కూర్చుంది. "నా పచ్చడి మీద నింద ఏసినవ్. నా ముంగటనే తేలాలె."

అప్పుడు, ఉదయం ఆమె చేతిలో చూసిన సీసా గుర్తొచ్చి రాహేలును పిలిచాను. ఉమ్మడి పచ్చడిలో చెయ్యి పెట్టనివ్వలేదని, ఆమె తన ఇంట్లో స్టీలు గిన్నెలో ఒక సీసా విడిగా చేసుకుంది. వాడిన ఆకు రంగులో ఉన్న ఆ సీసాను ఎవరూ తీసుకోలేదు. అది పట్టుకుని రమ్మన్నాను.

"అది ఎక్కితే నేను దిగుత," అంది సువార్తమ్మ.

"అయితే దిగక్కా."

ఆమె దిగలేదు. రాహేలు వెనక సీటులో ఒక మూలకు ఒదిగి, సీసాను కొంగు కింద దాచుకుంది.

ఆ దారి నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. ఆకు రాల్చిన టేకు చెట్ల మధ్య ఎర్రటి మట్టి రోడ్డు. మొహాన కొట్టే వడగాలి. ముందు వెదురు లారీ ఒకటి, దారి ఇవ్వదు. మస్తాన్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. అక్కడి నుంచి ఆసుపత్రి ఎంత దూరమో నాకు తెలుసు. ఒక బిడ్డకు వాంతులు పట్టుకుంటే తీసుకురావచ్చు. ఊరి నిండా బిడ్డలకు పట్టుకుంటే? సగం ఆకలితో, ఎండకు మాడి ఉండే పిల్లలు. వాళ్ల ఒంట్లో పోవడానికి నీళ్లు ఎన్ని ఉంటాయి?

"అన్నం పెట్టేసి ఉంటరా మేడం?" అన్నాడు మస్తాన్.



విస్తళ్లు

పెట్టేశారు.

పందిరి కింద వరుసగా అడ్డాకు విస్తళ్లు. వాటి మీద అన్నం, పప్పు, కోడికూర. ప్రతి విస్తరిలో ఒక మూల పచ్చగా మెరుస్తూ నాలుగు బిళ్లలు. పిల్లలు చేతులు కట్టుకుని కళ్లు మూసుకుని ఉన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు.

పొడుగు ప్రార్థనల మీద నేను చాలా వ్యాసాలు రాశాను. చల్లారిన అన్నం తినిపించే భక్తి అని వెక్కిరించాను. ఆ రోజు మాత్రం ఆయన ఆపకూడదని కోరుకున్నాను. జిల్లా కలెక్టరు దాకా ప్రార్థించి, దేశ ప్రధాని దాకా వెళ్తున్నారు. పిల్లల్ని కాపాడింది ప్రార్థన అని ఆయన తర్వాత అన్నారు. ప్రార్థన పొడుగు అని నేనన్నాను. ఆ వాదన మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు.

"ఎవరూ పచ్చడి ముట్టొద్దు!" అని అరిచాను.

ఆయన కళ్లు తెరిచారు. "ఏంది టీచరమ్మా, ప్రార్థనల మధ్యల?"

చెప్పాను. గుసగుసలు మొదలయ్యాయి. వంటవాళ్లు సువార్తమ్మ వైపు చూశారు. ఆమె మొహం కందగడ్డలా ఉంది.

"నలభై ఏండ్ల సంది వండి పెడ్తున్న. నా చేతి తిండి తిని ఒక్కలన్న పడ్డరా? ఈమె చదువుకున్నదని నన్ను విషం పెట్టేదాన్ని జేస్తదా?" అంటూ దగ్గర్లోని గిన్నెలో చెయ్యి పెట్టింది. ఆపేలోపే పిడికెడు ముక్కలు నోట్లో వేసుకుంది. ఇంకో పిడికెడు. "చూడుండ్రి. నాకేమైతదో చూడుండ్రి."

పిల్లలు కళ్లు పెద్దవి చేసి చూస్తున్నారు. వాళ్ల ముందు విస్తళ్లు అలాగే ఉన్నాయి. నేను నోటితో ఎంత చెప్పినా ఆ పందిట్లో నెగ్గను. ఆమె మింగి, నిలబడి ఉంది. అంతకన్నా గట్టి రుజువు జనానికి ఏముంటుంది?

మేకు

"ఇనుప మేకులు రెండు కావాలి," అన్నాను.

మస్తాన్ పందిరి గుంజల నుంచి రెండు పీకి తెచ్చాడు. బూడిదతో, ఇసుకతో మెరిసేదాకా తోమాను. ఒకటి పచ్చటి సీసాలో, ఒకటి రాహేలు సీసాలో వేశాను.

"రెండూ ఒకే గుంజ మేకులు. పచ్చడిలో రాగి ఉంటే మేకు ఎర్రబడుతుంది, లేకపోతే రెండూ ఒకేలా ఉంటాయి. అప్పుడు నేను అందరి ముందు సువార్తమ్మక్క కాళ్లు పట్టుకుంటాను. అప్పటిదాకా పిల్లల్ని పప్పన్నం తిననీయండి."

పాస్టరుగారు వంటవాళ్ల వైపు తిరిగి, "పచ్చడి తీసెయ్యుండ్రి. అది తగిలిన అన్నం గూడ తీసెయ్యుండ్రి," అన్నారు. ఆ మాటకు ఆయన్ని ఈ రోజుకీ గౌరవిస్తాను. నమ్మి అనలేదాయన, అనుమానం వచ్చింది కాబట్టి అన్నారు.

పిల్లలు తింటున్నారు. పెద్దలంతా సీసాల చుట్టూ చేరారు.  నేను భయపడింది మేకు మారదని కాదు. మారకముందే ఎవరో ఒకరు, ఇంతసేపా అని, గిన్నె మళ్లీ తెస్తారని.

ముందుగా మాట్లాడింది రాహేలు. ఆ రోజంతా ఆమె అన్న మొదటి మాట అది. "ఎర్రవడ్తంది మేడం."

పచ్చటి సీసాలోంచి మేకు తీశాను. అప్పుడే తోమిన రాగి చెంబు రంగు. రాహేలు సీసాలోది తోమినప్పటిలాగే ఇనుప రంగులో ఉంది.

 సువార్తమ్మ మేకును చేతిలోకి తీసుకుని గోటితో గీకింది. గీకిన చోట కింద ఇనుము కనిపించింది.

"ఇది... నా కడుపుల ఉందా టీచరమ్మా?" అంది. అంత పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో తెలియదు.

ఆ మాట పూర్తయిన కాసేపటికే పందిరి గుంజ పట్టుకుని వంగిపోయింది. వాంతులు ఆగలేదు. కడుపు పట్టుకుని నేల మీద ముడుచుకుంది. దగ్గరకు పోవడానికి మిగతావాళ్లు జంకారు. రాహేలు వెళ్లి ఆమె తల తన ఒడిలో పెట్టుకుంది. వాంతి ఆగినప్పుడల్లా గుక్కెడు నీళ్లు తాగించింది. అది చెడ్డ చెయ్యి అని అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు, సువార్తమ్మకు కూడా.

జీపులో దవాఖానాకు తీసుకెళ్లాం. దారి పొడుగునా ఆమె ఒకటే మాట. "పిల్లలు తిన్లే గద? నిజం చెప్పు, తిన్లే గద?"

ఒక చిన్నది వేళ్లు నాకిందని వంటామె చెప్పింది. ఆ పిల్లకు ఏమీ కాలేదని మర్నాడు కబురు వచ్చేదాకా నేను మంచినీళ్లు కూడా సరిగా తాగలేదు.

కళాయి

సువార్తమ్మ కోలుకుంది. కానీ వారం తిరక్కుండా కాలనీలో మాట పుట్టింది. రాహేలు తన సీసాను పక్కన పెట్టుకుని జీపులో పోయిందట, దాని కళ్లు పడి మంచి పచ్చడి విషమైందట. నా చెవిన పడగానే ఒళ్లు మండింది, ఆ వెంటనే భయమేసింది. మేకు కళ్లముందు ఎర్రబడింది. ఇంతకన్నా ఏం రుజువు చూపాలి? సభల్లో నేర్చుకున్నదంతా ఇంతేనా అనిపించింది.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సువార్తమ్మ ఇంటి నుంచి గుండిగను మోసుకొచ్చి, చర్చి ముందు ధబాలున పడేసింది. ఇంకా నీరసంగానే ఉంది.

"చూడుండ్రి లోపట. కళాయి ఏడన్న ఉందా? దాని కండ్లల్ల విషముంటే, కడుపు నొప్పికి నా తలకాయ దాని ఒళ్లెందుకు పెట్టుకుంట? ఇంకొక్కసారి రాహేలును అన్నరో, ఈ గుండిగల పులుసు కాసి మీకు పోస్త."

"అంటే నీ చెయ్యి మంచిది కాదనా వదినా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

"నా చెయ్యి మంచిదే. గిన్నె నా చెయ్యి మాట ఇనలే."

చెయ్యి సంగతి ఆమె చివరిదాకా వదల్లేదు. నేనూ ఇక వాదించలేదు. ఆ తర్వాత మొదటి గరిటె రాహేలు కూడా తిప్పింది, నాకు అది చాలు. మా సార్ మాత్రం నా రిపోర్టు చదివి, "విషం లేకుండా ఆ రంగు రాదా అమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్న అడిగే వాళ్లు మీకూ తగులుతారు. వాళ్లకు భయపడండి.

రిటైరయ్యే ముందు చివరిసారి ఆ కాలనీకి వెళ్లాను. రాహేలు క్లాసు చెబుతోంది. సువార్తమ్మ గుమ్మంలో కుర్చీ వేసుకుని, లోపలికి వచ్చే ప్రతి గిన్నెనూ తిప్పి చూస్తోంది. ఒక కొత్త కోడలు, బజారులో కొన్నదట, తీపి దోసకాయ పచ్చడి సీసా పట్టుకొచ్చింది. పచ్చగా మెరుస్తోంది.

"మేకు తేండ్రి!" అని అరిచింది సువార్తమ్మ.

అందరూ నవ్వారు. సువార్తమ్మా నేనూ నవ్వలేదు. రాహేలు మేకు తోమి సీసాలో వేసింది. క్లాసు అయ్యేదాకా సువార్తమ్మ చూపు దాని మీదే ఉంది. బయటికి తీస్తే మేకు ఇనుప రంగులోనే వచ్చింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచింది, వెలుతురు వైపు తిప్పి చూసింది, మళ్లీ సీసాలో వేసింది.